పసిబిడ్డ తల కొలుస్తున్నారా? హైడ్రోసెఫలస్‌లో ఆలస్యమే అసలు ముప్పు

మామిడికుదురు: బిడ్డ పుట్టాక నెలనెలా బరువు తూచడం ఇప్పుడు ప్రతి పల్లెలోనూ అలవాటయింది. అంగన్‌వాడీ కేంద్రంలో తూకం వేసి కార్డులో రాస్తున్నారు. తల చుట్టుకొలత మాత్రం చాలా ఇళ్లలో ఎవరూ అడగని లెక్క. బట్టలు కుట్టే టేపుతో అర నిమిషంలో తేలిపోయే ఈ లెక్కే మెదడులో నీరు చేరే హైడ్రోసెఫలస్‌ను అందరికంటే ముందు పట్టి ఇస్తుంది. తొలి వారాల్లోనే గుర్తించి శస్త్రచికిత్స చేయించిన పిల్లల్లో చాలామంది బడికి వెళ్లి చదువుకోగలుగుతున్నారు. తల బాగా పెరిగిపోయాక ఆసుపత్రికి చేరిన బిడ్డకు ప్రాణం దక్కినా చూపు, నడక, గ్రహణశక్తి దెబ్బతినే ప్రమాదం ఎక్కువ.

కోనసీమలో ఈ ఆలస్యానికి దూరం కూడా తోడవుతుంది. మామిడికుదురు నుంచి అమలాపురం వెళ్లాలంటే పాశర్లపూడి - బోడసకుర్రు వంతెనపై వైనతేయను దాటాలి. అక్కడి నుంచి కాకినాడ చేరాలంటే ఎదుర్లంక - యానాం వారధిపై గౌతమిని దాటాలి. పసిబిడ్డతో ఇంత ప్రయాణం ఎందుకులే, వచ్చే నెల చూద్దామని వాయిదా వేయడం సహజమే. అయితే ఈ జబ్బులో ఆ నెల రోజులకే విలువ ఎక్కువ.

ఏమిటీ నీరు?

ఇది స్నానం చేయించేటప్పుడు తలలోకి పోయిన నీరు కాదు. బాలింత పథ్యం తప్పినందువల్ల చేరిందీ కాదు. మెదడు లోపల ఒకదానితో ఒకటి కలిసి నాలుగు గదులు ఉంటాయి. వాటిలో సీఎస్‌ఎఫ్ అని వైద్యులు పిలిచే స్వచ్ఛమైన ద్రవం నిత్యం ఊరుతుంది. అది సన్నని దారుల గుండా బయటికి వచ్చి, మెదడు, వెన్నుపాము చుట్టూ తిరిగి, చివరకు రక్తంలో కలిసిపోతుంది. పెద్దవారిలో రోజుకు సుమారు 500 మిల్లీలీటర్ల ద్రవం ఊరుతుంది. ఏ సమయంలోనైనా లోపల నిలిచి ఉండేది 150 మిల్లీలీటర్లే. అంటే రోజుకు మూడుసార్లకు పైగా పాత ద్రవం పోయి కొత్తది రావాలి.

డెల్టా రైతుకు ఇది తేలికగా అర్థమయ్యే విషయం. కాలువలో నీరు వస్తూనే ఉండి, దిగువన డ్రెయిన్ పూడుకుపోతే చేను మునుగుతుంది. మెదడులోనూ అంతే. దారి ఎక్కడ మూసుకున్నా ద్రవం ఊరడం ఆగదు. గదులు ఉబ్బి చుట్టూ ఉన్న మెదడును కపాలానికేసి నొక్కుతాయి. పసిబిడ్డల్లో పుర్రె ఎముకల అతుకులు ఇంకా కలవవు గనుక తల పెరుగుతుంది. అతుకులు కలిసిపోయిన పెద్ద పిల్లల్లో తల పెరగదు, ఒత్తిడి మాత్రమే పెరుగుతుంది. అందుకే రెండు వయసుల్లో లక్షణాలు వేరుగా ఉంటాయి.

మాడు చెప్పే సంగతి

పసిబిడ్డకు నూనె అంటి నీళ్లు పోసే అమ్మమ్మ, నాయనమ్మల చేతికే ఈ జబ్బు మొదట తగులుతుంది. మాడు మామూలుగా మెత్తగా, చదునుగా ఉండి సన్నగా కొట్టుకుంటుంది. బిడ్డ ఏడవకుండా, నిటారుగా ఎత్తుకున్నప్పుడు కూడా మాడు బిగిసి ఉబ్బెత్తుగా ఉంటే అనుమానించాలి. నెత్తిమీద చర్మం పలుచబడి మెరవడం, నరాలు ఉబ్బి కనిపించడం, కనుగుడ్లు కిందికి దిగి పైన తెల్లగుడ్డు బయటపడటం, పాలు సరిగా తాగకపోవడం, తరచూ వాంతులు, ఆగని ఏడుపు లేదా అదే పనిగా మత్తు, నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోవడం దీని ఆనవాళ్లు. కళ్లు కిందికి వాలడాన్ని దిష్టిగా భావించి తాయెత్తు కట్టడం వల్ల వారాలు గడిచిపోతాయి తప్ప ఒత్తిడి తగ్గదు. వాతలు పెట్టడం ఇంకా ప్రమాదకరం. కాల్చిన చర్మం మానేదాకా ఆపరేషన్‌ను వాయిదా వేయవలసి రావచ్చు.

నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సాధారణంగా 33 నుంచి 35 సెంటీమీటర్లు ఉంటుంది. మొదటి మూడు నెలల్లో నెలకు 2 సెంటీమీటర్ల చొప్పున, తర్వాతి మూడు నెలల్లో ఒక సెంటీమీటరు చొప్పున, ఆపై ఏడాది నిండేదాకా నెలకు అర సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. ఏడాదికి 45, 46 సెంటీమీటర్లకు చేరుతుంది. సాగని టేపును ముందు కనుబొమల మీదుగా, పక్కల చెవులపై నుంచి, వెనక తల ఎత్తుగా ఉన్న చోట ఆనించి చుట్టాలి. మూడుసార్లు కొలిచి, వాటిలో పెద్ద సంఖ్యను తేదీతో సహా కార్డుపై రాయాలి. ఒక్కసారి కొలిచిన సంఖ్య పెద్దగా ఏమీ చెప్పదు. నెలనెలా కొలిస్తే వేగం తెలుస్తుంది, వైద్యులకు కావలసింది ఆ వేగమే.

తల పెద్దగా ఉన్న ప్రతి బిడ్డకూ ఈ జబ్బు ఉన్నట్లు కాదు. తండ్రికో తాతకో పెద్ద తల ఉంటే బిడ్డకూ రావచ్చు. ఎముకలు మెత్తబడే రికెట్స్‌లోనూ తల పెద్దదిగా కనిపిస్తుంది. మాడు తెరుచుకుని ఉన్నంతకాలం దాని మీదుగానే అల్ట్రాసౌండ్ తీసి అసలు సంగతి తేల్చవచ్చు. బిడ్డకు మత్తు అవసరం లేదు, రేడియేషనూ ఉండదు. అవసరమైతే ఆపై ఎంఆర్‌ఐ లేదా సీటీ స్కాన్ తీస్తారు.

బడి వయసు పిల్లల్లో ఉదయం లేవగానే తలనొప్పి, వాంతి అయితే కాస్త తగ్గడం, ఒకటి రెండుగా కనిపించడం, నడక తూలడం, ఉన్నట్టుండి చదువులో వెనకబడటం ముఖ్య లక్షణాలు. వాంతులు కదా అని కడుపు మందులతో కాలం గడపకూడదు. ఈ వయసులో కొందరికి మెదడు వెనక భాగంలో గడ్డ ఏర్పడి దారి మూసుకుపోవడమే కారణం కావచ్చు.

నివారణ పెళ్లినాటి నుంచే

హైడ్రోసెఫలస్‌కు కారణాలు అనేకం. అన్నింటినీ ఆపలేం. గదుల మధ్య ఉన్న సన్నటి నాళం పుట్టుకతోనే ఇరుకుగా ఉండటం వంటివి ఎవరి తప్పూ కాదు. తల్లి గ్రహణం నాడు బయటికి వచ్చినందుకు ఇలా అయిందని నిందించడం ఆమెకు అన్యాయం చేయడమే. ఆపగలిగిన వాటిపైనే శ్రద్ధ పెట్టాలి.

వాటిలో మొదటిది వెన్నెముక సరిగా మూసుకోని స్పైనా బైఫిడా. వీపుపై తిత్తితో పుట్టే ఈ పిల్లల్లో ఎక్కువమందికి తలలో నీరు కూడా చేరుతుంది. గర్భం దాల్చిన 28 రోజుల్లోనే పిండంలో వెన్నునాళం మూసుకోవాలి. నెలసరి తప్పిందని తెలుసుకుని ఆసుపత్రికి వెళ్లేసరికే ఆ గడువు దాదాపు ముగిసిపోతుంది. అందువల్ల ఫోలిక్ యాసిడ్ మాత్రను గర్భం వచ్చాక కాదు, గర్భానికి కనీసం నెల ముందు నుంచే వేసుకోవాలి. రోజుకు 400 మైక్రోగ్రాములు, మూడో నెల నిండేదాకా. పెళ్లయి పిల్లలు కావాలనుకునే ప్రతి స్త్రీకీ ఇది వర్తిస్తుంది. నాలుగో నెల నుంచి ఆసుపత్రిలో ఇచ్చే ఎర్ర మాత్రల్లో ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. అవి రక్తహీనతకు అవసరమే గానీ, వెన్నునాళం విషయంలో అప్పటికే ఆలస్యమై ఉంటుంది. బడిలో కిశోర బాలికలకు వారానికొకటి ఇచ్చే నీలి మాత్రను పారేయకుండా మింగడం మంచిది.

ఒకసారి ఇటువంటి బిడ్డ పుట్టిన తల్లికి మోతాదు పది రెట్లు, అంటే రోజుకు 4 మిల్లీగ్రాములు ఉండాలి. బ్రిటన్‌కు చెందిన వైద్య పరిశోధన మండలి అనేక దేశాల్లో జరిపి 1991లో ప్రకటించిన అధ్యయనంలో ఈ మోతాదు వల్ల అటువంటి జననాలు మళ్లీ సంభవించడం 72 శాతం తగ్గింది. మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడుతున్న స్త్రీలు, మధుమేహం ఉన్నవారు గర్భానికి ముందే వైద్యుల్ని కలవాలి. మూర్ఛ మందును సొంతంగా మానేయరాదు. తోటకూర, పాలకూర, గోంగూర, పెసలు, శనగలు ఫోలేటుకు మంచి వనరులే. అయితే ఎక్కువసేపు ఉడికిస్తే అందులో చాలా భాగం పోతుంది. మాత్రకు అవి ప్రత్యామ్నాయం కావు. పిండిలో ఫోలిక్ యాసిడ్ కలపడాన్ని అమెరికా 1998లో తప్పనిసరి చేసింది. ఆహారంలో ఇటువంటి పోషకాలు కలపాలని ప్రపంచ ఆరోగ్య సభ 2023 మేలో తీర్మానించింది.

రెండోది అంటువ్యాధులు. మన దేశంలో పిల్లల తలలో నీరు చేరడానికి క్షయ వల్ల వచ్చే మెదడువాపు ఒక ముఖ్య కారణం. పుట్టగానే వేసే బీసీజీ టీకా ఊపిరితిత్తుల క్షయను పూర్తిగా ఆపలేకపోయినా, పసిపిల్లల్లో ఈ తీవ్రమైన క్షయ నుంచి రక్షణ ఇస్తుంది. ఇంట్లో ఎవరికైనా కఫంలో క్షయ క్రిములు ఉన్నట్లు తేలితే అయిదేళ్లలోపు పిల్లలను వెంటనే పరీక్ష చేయించి, జబ్బు లేకపోతే నివారణ మందు వాడాలి. ఈ మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. పరువు పోతుందని దగ్గును దాచిపెడితే నష్టపోయేది ఇంట్లోని చంటిబిడ్డే. 6, 10, 14 వారాల్లో వేసే పెంటావాలెంట్, 6, 14 వారాల్లోనూ 9వ నెలలోనూ వేసే న్యుమోకాకల్ టీకాలు ఇతర మెదడువాపుల నుంచి కాపాడతాయి. నెలలోపు బిడ్డకు జ్వరం వచ్చినా, ఒళ్లు చల్లబడినా, పాలు తాగడం మానినా ఇంటి వైద్యం పనికిరాదు.

మూడోది నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల మెదడులో రక్తస్రావం. నెలలు నిండకముందే నొప్పులు వస్తే వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. కాన్పుకు ముందు తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు బిడ్డ ఊపిరితిత్తులను బలపరచడమే కాక ఈ రక్తస్రావాన్నీ తగ్గిస్తాయి. పుట్టగానే బిడ్డకు విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చారా అని అడిగి తెలుసుకోవాలి.

18 నుంచి 20 వారాల మధ్య తీసే స్కాన్‌లో గర్భస్థ శిశువు మెదడు గదులను కొలుస్తారు. 10 మిల్లీమీటర్ల లోపు ఉంటే సాధారణం. 10 నుంచి 12 మధ్య ఉండి ఇతర లోపాలు లేకపోతే చాలామంది పిల్లలు మామూలుగానే పుడతారు. 15 దాటితే తీవ్రంగా పరిగణిస్తారు. రిపోర్టులో ఒక్క మాట చూసి భయపడి నిర్ణయం తీసుకోకుండా రెండో స్కాన్, పిల్లల శస్త్రచికిత్స నిపుణుల సలహా తీసుకోవాలి. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం శిశువులో తీవ్ర లోపాలున్నట్లు వైద్య మండలి నిర్ధారిస్తే 24 వారాల తర్వాత కూడా అనుమతి లభిస్తుంది. తల్లి వరుసలో మగపిల్లలకే ఈ జబ్బు పదేపదే వస్తుంటే జన్యు పరీక్ష అవసరం.

వీపుపై తిత్తితో బిడ్డ పుడితే పసుపు, ఆకు పసర్లు రాయకూడదు. సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, బోర్లా పడుకోబెట్టి, ఒకటి రెండు రోజుల్లోనే శస్త్రచికిత్సకు చేర్చాలి. వీపు మూసిన తర్వాత కొద్ది రోజులకు లేదా వారాలకు తలలో నీరు బయటపడవచ్చు గనుక తల కొలవడం మానకూడదు.

షంట్ అంటే...

చేరిన నీటిని మందులతో ఎండగట్టడం సాధ్యం కాదు. నెలలు నిండని శిశువులపై అటువంటి మందులు పరీక్షించినప్పుడు మేలు కన్నా కీడే ఎక్కువ కనిపించింది. ప్రధాన చికిత్స వీపీ షంట్. మెదడు గదిలో ఒక సన్నని సిలికాన్ గొట్టం చొప్పించి, చెవి వెనక కవాటం అమర్చి, మెడ, ఛాతీ చర్మం కింది నుంచి కడుపులోకి దింపుతారు. మిగులు ద్రవం అక్కడ పీల్చుకుపోతుంది. బిడ్డ ఎదిగే కొద్దీ సరిపోయేలా కడుపులో గొట్టం పొడవు ఎక్కువగానే ఉంచుతారు.

ఈ చిన్న కవాటం వెనక తండ్రుల ఆరాటం ఉంది. అమెరికాలో 1949లో తొలి కవాటం వాడారు. 1956లో జాన్ హోల్టర్ అనే సాంకేతిక నిపుణుడు తన కుమారుడి కోసం మెరుగైన కవాటాన్ని తయారుచేశాడు. రచయిత రోల్డ్ డాల్ కుమారుడు 1960లో ప్రమాదంలో గాయపడి తలలో నీరు చేరగా, గొట్టం పదేపదే మూసుకుపోవడం చూసి ఆయన ఒక ఇంజినీరుతో, ఒక న్యూరో సర్జన్‌తో కలిసి 1962లో మరొకటి రూపొందించాడు. మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన పిల్లల శస్త్రచికిత్స నిపుణుడు ఉపాధ్యాయ పేరిట ఒక స్వదేశీ షంట్ వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్ విదేశాలకూ వెళ్తోంది. 35 డాలర్ల ఈ షంట్‌ను 650 డాలర్ల విదేశీ షంట్‌తో ఉగాండాలో పోల్చి చూడగా ఏడాది తర్వాత ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని 2005లో వెల్లడైంది. ఖరీదైనది వేయించలేకపోయామని బాధపడే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

గొట్టం అవసరం లేకుండా, ఎండోస్కోపుతో గది అడుగున చిన్న రంధ్రం చేసి ద్రవానికి కొత్త దారి ఇచ్చే ఈటీవీ పద్ధతి కూడా ఉంది. నాళం ఇరుకుగా ఉన్నవారికి, ఏడాది దాటిన పిల్లలకు ఇది బాగా ఉపయోగపడుతుంది. అందరికీ పనికిరాదు. రంధ్రం తిరిగి మూసుకుపోతే ఒత్తిడి ఉన్నట్టుండి పెరుగుతుంది గనుక వీరికీ షంట్ ఉన్నవారితో సమానమైన జాగ్రత్త అవసరం.

గొట్టంతో జీవనం

ఆపరేషన్‌తో జబ్బు తీరిపోయిందనుకోవడం పెద్ద పొరపాటు. పిల్లల్లో అమర్చిన షంట్లలో మూడో వంతుకు పైగా తొలి ఏడాదిలోనే, దాదాపు సగం రెండేళ్లలో మొరాయిస్తాయి. ఇది సర్జన్ వైఫల్యమో, తల్లి అజాగ్రత్తో కాదు. ఆ పరికరం స్వభావమే అంత. మళ్లీ సరిచేస్తే బిడ్డ కోలుకుంటుంది, సమయానికి చేర్చాలి అంతే.

షంట్ ఉన్న బిడ్డకు వాంతులు, తలనొప్పి, మగత, చిరాకు, కళ్లు వాలిపోవడం, మాడు మళ్లీ ఉబ్బడం, కొత్తగా మూర్ఛ వంటివి కనిపిస్తే మొదట షంట్‌నే అనుమానించాలి. జ్వరం, గొట్టం వెళ్లే దారి వెంట ఎరుపు, వాపు, కడుపునొప్పి ఉంటే ఇన్‌ఫెక్షన్ కావచ్చు. ఇది ఎక్కువగా ఆపరేషన్ అయిన ఆరు నెలల్లోపే వస్తుంది. తమ బిడ్డ బాగున్నప్పుడు ఎలా ఉంటుందో తల్లికి తెలిసినంతగా స్కాన్‌కూ తెలియదు. 'ఎందుకో ఈ రోజు బిడ్డ తేడాగా ఉంది' అని తల్లి అంటే వైద్యులు కూడా కొట్టిపారేయరు. మగతగా ఉన్న బిడ్డను తెల్లవారేదాకా చూద్దామని ఇంట్లో ఉంచకూడదు. 108కు ఫోన్ చేయాలి.

ఇందుకోసం కొన్ని కాగితాలు ఎప్పుడూ ఒక సంచిలో సిద్ధంగా ఉంచుకోవాలి. డిశ్చార్జి పత్రం, షంట్ రకం, అమర్చిన తేదీ, బిడ్డ బాగున్నప్పుడు తీసిన స్కాన్ ఫిల్మ్ అందులో ఉండాలి. పాత ఫిల్మ్ పక్కన పెట్టి చూస్తేనే గదులు పెరిగాయో లేదో వైద్యులకు త్వరగా తేలుతుంది. వరద కాలంలో లంక గ్రామాల వారికి ఇది మరీ ముఖ్యం. గోదావరి పోటెత్తితే అప్పనపల్లి కాజ్‌వే మునుగుతుంది, రాకపోకలకు పడవలే దిక్కవుతాయి. 2022 జులై వరదలు ఇంకా ఎవరూ మరచిపోలేదు. షంట్ ఉన్న బిడ్డ గల కుటుంబం హెచ్చరిక వెలువడగానే గట్టు దాటి బంధువుల ఇంటికి చేరడం, ఆశా కార్యకర్తకు ముందే చెప్పి ఉంచడం శ్రేయస్కరం.

మిగతా జీవితం చాలావరకు మామూలే. తలకు నూనె రాయవచ్చు, స్నానం చేయించవచ్చు, పుండు మానాక ఏ పక్కకైనా పడుకోబెట్టవచ్చు. టీకాలన్నీ వేయించాలి. కవాటం మీద నొక్కడం, మాలిష్ చేసేవారికి అప్పగించడం కూడదు. పరుగు, ఆటలు, ఈత ఫర్వాలేదు. తలకు దెబ్బ తగిలే కబడ్డీ, కుస్తీ వంటివి వద్దు. మలబద్ధకం ముదిరితే కడుపులోని గొట్టం పనితీరు దెబ్బతినవచ్చు గనుక పండ్లు, ఆకుకూరలు, నీళ్లు తగినంత ఇవ్వాలి. బయటి నుంచి అయస్కాంతంతో సవరించే రకం కవాటమైతే ఎంఆర్‌ఐ తీసే ముందు, తీసిన తర్వాత వైద్యులకు చెప్పాలి.

చదువులో ఈ పిల్లలది ఒక ప్రత్యేక తీరు. మాటలు చక్కగా, పెద్దరికంగా ఆడతారు. లెక్కలు, బొమ్మలు గీయడం, వరుసగా రెండు మూడు పనులు చెబితే గుర్తుంచుకోవడం కష్టమవుతుంది. మాటకారి కదా, కావాలనే చదవడం లేదని ఉపాధ్యాయులు పొరబడే అవకాశముంది. ఒక్కో పని విడిగా చెప్పడం, ముందు బెంచీలో కూర్చోబెట్టడం, రాయడానికి అదనపు సమయం ఇవ్వడం ఉపకరిస్తాయి. బడిలో బిడ్డ వాంతి చేసుకుని నిద్రలోకి జారుకుంటే ఎవరికి ఫోన్ చేయాలో ఉపాధ్యాయులకు రాసి ఇవ్వాలి. ఏటా కంటి పరీక్ష తప్పనిసరి.

ఎక్కడికి వెళ్లాలి?

అనుమానం రాగానే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించి, అమలాపురంలో పిల్లల వైద్యుల వద్ద అల్ట్రాసౌండ్ తీయించుకోవచ్చు. శస్త్రచికిత్సకు కాకినాడ ప్రభుత్వ సాధారణ ఆసుపత్రి, విశాఖపట్నం కేజీహెచ్‌లలో న్యూరో సర్జరీ విభాగాలున్నాయి. 2024 సెప్టెంబరులో రోగికి సినిమా చూపిస్తూ మెలకువగా ఉండగానే మెదడులో గడ్డ తీసి వార్తల్లోకెక్కింది ఈ కాకినాడ ఆసుపత్రే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా ఉన్న పథకం చికిత్సల జాబితాలో షంట్ ఆపరేషన్ ఉంది. ఆసుపత్రిలోని పథకం కౌంటర్‌లో రేషన్ కార్డు, ఆధార్ చూపి నమోదు చేయించుకోవాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన నాటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు ఉచిత పరీక్షలు చేసి పై ఆసుపత్రులకు పంపుతారు. ఫిజియోథెరపీ, మాట శిక్షణ వంటివి సత్వర చికిత్సా కేంద్రాల్లో లభిస్తాయి. బడి వయసు వచ్చాక మండలంలోని భవిత కేంద్రం ఉపయోగపడుతుంది.

ధ్రువపత్రం విషయంలో చాలామంది తికమక పడుతున్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో హైడ్రోసెఫలస్ పేరు విడిగా లేదు. దాని వల్ల మిగిలిన నడక లోపం, చూపు లోపం, మేధోపరమైన వైకల్యం ఆధారంగా శాతం నిర్ణయిస్తారు. కాబట్టి సదరం శిబిరానికి వెళ్లేటప్పుడు ఆపరేషన్ కాగితాలతో పాటు కంటి, ఎముకల, మానసిక ఎదుగుదల పరీక్షల నివేదికలూ తీసుకెళ్లాలి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్లు ధ్రువీకరిస్తే నెలకు 6,000 రూపాయల పింఛనుకు దరఖాస్తు చేయవచ్చు. 2024 జులై నుంచి ఈ మొత్తం అమల్లో ఉంది. 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య కూడా ఈ చట్టం కింద ఈ పిల్లల హక్కు. సదరం శిబిరానికి స్లాట్‌ను మీసేవ కేంద్రంలో తీసుకోవచ్చు.